బిడియం మా రక్తంలో లేదు, రిహార్సల్ మా హాస్టల్లో లేదు

 పోస్టు పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

మేము ఎనిమిది మందిమి. సవరలం, జాతాపులం కలిసి. ఆరుగురం డిగ్రీలో ఉన్నాం, ఇద్దరు డిగ్రీ అయిపోయి డీఎస్సీకి చదువుతున్నారు. శివరాత్రి రోజుల్లో శ్రీముఖలింగం దగ్గర్లో ఒక ఊళ్లో పాతిక నిమిషాల నాటిక వేశాం. డోలీ మోత మీద. కొండమీద ఊరు, నొప్పులొచ్చిన ఆడమనిషి, రోడ్డు లేదు, కర్రకి గుడ్డ కట్టి మోసుకుంటూ దిగడం. ఈ గ్రూపులో ఉన్నవాళ్లకి ఆ కథ కొత్తగా చెప్పక్కర్లేదు.

మా తమ్ముడు ఒకడు భర్త వేషం కట్టాడు. చివర్లో అధికారి ముందు నిలబడి రోడ్డు అడగాలి. ఒక పేజీ డైలాగు. హాస్టల్ గదిలో గడగడా చెప్పేసేవాడు, ఒక్క ముక్క తప్పేవాడు కాదు. ఆ రాత్రి మాత్రం లైటు మొహం మీద పడింది, మైకు కీచుమంది, రెండు వాక్యాలు చెప్పాడు. మూడోది రాలేదు. నోరు ఎండిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక లుంగీ అంచు నలుపుతూ నిలబడిపోయాడు. మేము పక్కనుంచి మాట అందించాం. అది కాస్తా మైకులో వినపడింది. జనం నవ్వారు, కుర్రాళ్లు ఈలలేశారు. వాడు దండం పెట్టి దిగిపోయాడు. నాటిక అక్కడితో అయిపోయింది.

తర్వాత ఒక పెద్దాయన వచ్చాడు. మంచాయనే, మాకు ఆ పూట భోజనం పెట్టించింది కూడా ఆయనే. మావాడి భుజం తట్టి ఇలా అన్నాడు: "మీవోళ్లకి డాన్సయితే అదిరిపోద్ది బావూ. పుట్టుకతో వచ్చినాది గదా. ఈ మాటలూ అయ్యీ మీకెందుకు? మీవోళ్లకి బిడియం ఎక్కువ."

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటలే. ఆయన్ని తప్పు పట్టడానికి కాదు. ఆయన అన్నది మనం ఒకటో తరగతి నుంచి వింటున్నాం. మన టీచర్లు అన్నారు, మన వార్డెన్లు అన్నారు, మనలో మనమూ అనుకుంటున్నాం. అందుకే ఇది ఇక్కడ తేలాలి.

"డాన్సు మీకు పుట్టుకతో వచ్చింది." "బిడియం మీకు పుట్టుకతో వచ్చింది." ఒకటి పొగడ్త, ఇంకోటి జాలి. చూడ్డానికి రెండు మాటలు. మేము చెప్పేదేంటంటే ఇవి రెండూ ఒకే అబద్ధం. రెండింటి అర్థం కూడా ఒకటే: మీకు నేర్పక్కర్లేదు. డాన్సు ఎలాగూ వస్తుంది కాబట్టి నేర్పక్కర్లేదు. మాట ఎలాగూ రాదు కాబట్టి నేర్పక్కర్లేదు.

ముందు డాన్సు సంగతి చూద్దాం. మనకు అడుగు ఎలా వచ్చింది? గుర్తు తెచ్చుకోండి. నాలుగైదేళ్ల వయసులో కందికొత్త పండక్కి అమ్మల వరస వెనకాల చివర్న నిలబడ్డాం. ముందున్న అక్క నడుం పట్టుకున్నాం. అడుగు తప్పితే అక్క చెయ్యి వెనక్కి లాగింది. డప్పు వినడం వచ్చింది, తర్వాత కొమ్ము బూర ఎప్పుడు మారుతుందో తెలిసింది, తర్వాత వరస మధ్యలోకి వచ్చాం. పదేళ్లు పోయాక వరస ముందుకి వచ్చాం. ఆ పదేళ్లలో ఎన్ని పండగలు, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని రాత్రులు! దాన్ని ఏమంటారు? రిహార్సల్ అంటారు. పట్నంలో అయితే ఫీజు కట్టి, సర్టిఫికెట్ ఇచ్చి, గురువుగారి ఫొటో పెట్టి నేర్పుతారు. మనకి పండగ పేరుతో నేర్పారు. అంతే తేడా. రక్తంలో ఉంటే పట్నంలో పుట్టి పెరిగిన మన ఉద్యోగుల పిల్లలకి కూడా అడుగు రావాలి గదా? వాళ్లని ఒకసారి వరసలో నిలబెట్టి చూడండి.

మరి మాట? ఆ పదేళ్లలో ఎవరైనా మనల్ని మాట్లాడేవాళ్ల వరసలో చివర్న నిలబెట్టారా? ఆశ్రమ పాఠశాలలో ఆగస్టు పదిహేనుకి మన వంతు ఏది? ఆకులు కట్టుకుని డాన్సు. ఉపన్యాసం ఇంకొకడిది. వార్షికోత్సవంలో మన వంతు ఏది? డాన్సు. మంత్రిగారొస్తే, కలెక్టరుగారొస్తే? తలకి ఈకలు పెట్టుకుని ఎదురెళ్లి డాన్సు, మళ్లీ దారిచ్చి పక్కకి తప్పుకోవడం. పదిహేనేళ్ల చదువులో మైకు ముందు మనం నిలబడింది ఎన్ని నిమిషాలో ఎవరికి వాళ్లు లెక్కేసుకోండి. ఆ నిమిషాల లెక్కనే మన బిడియం అంటున్నారు.

ముఖలింగం స్థలపురాణం మీకు తెలిసిందే. సవరలు గొడ్డలితో ఇప్ప చెట్టు నరికితే అందులోంచి శివుడు ముఖం చూపించాడంటారు. మధూకమంటే ఇప్పే, అందుకే ఆయన మధుకేశ్వరుడు. అంటే ఆ గుడి కథలో మొదటి వేషం మనది. కానీ ఆ కథ చెప్పేటప్పుడు సవరోడి చేతిలో గొడ్డలి ఉంటుంది, నోట్లో మాట ఉండదు. సినిమాల్లోనూ అంతే. మనకి ఈకలున్నాయి, బాణాలున్నాయి, అర్థంలేని అరుపులున్నాయి. వాక్యం లేదు. అదృష్టం బాగుండి మన ప్రాంతపు యాస వినిపించిందా, అది నవ్వించడానికే. ఇంత చూశాక మా తమ్ముడికి మైకు ముందు మాట ఆగిపోవడం వింతా, రెండు వాక్యాలు చెప్పగలగడం వింతా?

మనవాళ్లు మాటల్లేని మనుషులు అనేవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. ఒడిశా వైపు సవర పల్లెల్లో చనిపోయినవాళ్లతో మాట్లాడే తంతు తరతరాలుగా ఉంది. ఒక ఆడమనిషి ఊరందరి మధ్య కూర్చుంటుంది. చనిపోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆవిడ నోటితో మాట్లాడతారు. బతికున్నవాళ్లు ఏడుస్తారు, ప్రశ్నలడుగుతారు, పోట్లాడతారు. గంటల తరబడి సాగుతుంది. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆయన ఆ ఊళ్లలో ఉండి, చూసి, 1993లో దానిమీద పుస్తకమే రాశాడు. అది నటన అని మేము అనడం లేదు. అది పెద్దల నమ్మకం, దాన్ని స్టేజీ ఎక్కించమనీ అనడం లేదు. కానీ ఊరంతా చూస్తుండగా అన్ని గంటలు మాట నిలబెట్టే మనుషులున్న జాతిని పట్టుకుని బిడియం జాతి అంటారా? ఆ ఆడమనిషి కూడా ఒక్కరోజులో అలా కూర్చోలేదు. చిన్నప్పటినుంచి పెద్దామె పక్కన ఉండి నేర్చుకుని కూర్చుంది. మళ్లీ అదే సంగతి. వరస చివర్నుంచి మొదలుపెట్టడం.

ఇప్పుడు మా తప్పు చెప్పుకుంటాం. పెద్దాయన మాటకి కోపం వచ్చింది గానీ, రాత్రి గదికొచ్చి లెక్కేసుకుంటే మాకే సిగ్గేసింది. ఆ కార్యక్రమంలో మేము ఒక డాన్సు కూడా వేశాం. దానికి ఇరవై రోజులు ప్రాక్టీసు చేశాం. నాటికకి ఎన్ని రోజులు చేశాం? రెండు. అందులో ఒక రోజు డైలాగులు బట్టీ పట్టడానికే పోయింది. అంటే "డాన్సు మీది, మాట మీది కాదు" అన్న మాటని ఆయనకంటే ముందు మేమే నమ్మేశాం. మన పండగ డాన్సుకి ఇరవై రోజులిచ్చి, మన పిన్ని చావుబతుకుల కథకి రెండు రోజులిచ్చాం.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆ ఒక పేజీ డైలాగు ఎలా ఉందో చూడండి. "మా గిరిశిఖర గ్రామమునకు రహదారి సౌకర్యము కల్పించవలసినదిగా తమరిని సవినయముగా ప్రార్థించుచున్నాము." ఇది మేమే రాశాం. అర్జీ కాగితం చూసి రాశాం. నాటకమంటే అలా ఉండాలనుకున్నాం. మావాడు ఇంట్లో సవర మాట్లాడతాడు. బయట శ్రీకాకుళం తెలుగు మాట్లాడతాడు. ఈ మూడో భాష వాడు పుట్టాక ఎవరితోనూ మాట్లాడలేదు. రెండేళ్ల కిందట వాడే సొంత పిన్నిని డోలీలో దింపాడు. అధికారి ముందు నిలబడే పనైతే వాడి దగ్గర వంద మాటలున్నాయి. మేము వాటన్నిటినీ తీసి పక్కన పెట్టి, చేతికి అర్జీ కాగితం ఇచ్చి నటించమన్నాం. మూడో వాక్యం ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమవుతోందా? అది వాడి నోట్లో ఎప్పుడూ లేదు.

ఈ గొడవ జరిగింది ఎక్కడో తెలుసా? శ్రీముఖలింగానికి కూతవేటు దూరంలో ఉన్న పర్వతాలపేటలోనే 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పుట్టాడు. పుస్తకాల భాష ఒకటి, నోటి భాష ఒకటి పెట్టి పిల్లల్ని చంపొద్దని జీవితమంతా కొట్లాడిన మనిషి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నాడు. మన పిల్లలకి మన భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టాడు. సవర వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటున్నారు. ఆ రోజు కూడా మనల్ని పిలిచేది డాన్సుకే అనుకోండి.

అదే 1863లో, జనవరిలో, మాస్కోలో స్తానిస్లావ్‌స్కీ పుట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ నటన నేర్పినా ఆయన పేరు చెప్పకుండా మొదలుపెట్టరు. ఆయనేమీ పుట్టుకతో నటుడు కాదు. ఫ్యాక్టరీ ఓనరు కొడుకు. పిల్లలు నాటకాలు వేసుకోవడానికి ఇంట్లోనే థియేటరు కట్టించారు. పద్నాలుగేళ్ల వయసు నుంచి తన తప్పులు తనే నోటుబుక్కులో రాసుకున్నాడు. గొంతు ఎక్కడ పోయింది, చేతులు ఎందుకు బిగుసుకున్నాయి, జనాన్ని చూసి ఎందుకు తొట్రుపడ్డాను, అన్నీ. ఆ నోటుబుక్కుల నుంచే ఆయన పద్ధతి పుట్టింది. ఇంట్లో థియేటరు ఉన్నవాడికే అన్నేళ్లు పట్టింది. రెండు రోజుల్లో మా తమ్ముడికి రాలేదని "మీవోళ్లకి రాదు" అంటే ఎలా?

మన పక్క విజయనగరం చూడండి. కన్యాశుల్కం 1892లో మొదటిసారి వేసింది అక్కడే. గురజాడ దాన్ని ఆ ఊరి మనుషులు మాట్లాడుకునే మాటల్లో రాశాడు. శంకరాభరణం 1980లో వస్తే జె.వి. సోమయాజులు రాత్రికి రాత్రి స్టారయ్యాడన్నారు. రాత్రికి రాత్రి ఏటి? ఆయన మన జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, రెవెన్యూలో ఉద్యోగం చేసుకుంటూ దశాబ్దాల పాటు కన్యాశుల్కంలో రామప్ప పంతులు వేశాడు. తమ్ముడు రమణమూర్తి గిరీశం వేశాడు. ఎన్ని ఊళ్లు, ఎన్ని రిహార్సళ్లు. దాన్ని ఎవరూ పుట్టుక అనలేదు, సాధన అన్నారు. వాళ్లు చేస్తే సాధన, మనం చేస్తే రక్తం!

ఇక భయం సంగతి. ఇంగ్లండులో లారెన్స్ ఒలీవియర్ అని గొప్ప నటుడు. 1960ల్లో లండన్ నేషనల్ థియేటర్‌ని నడిపించినవాడు. అప్పటికే దశాబ్దాలుగా స్టేజీ మీద ఉన్నవాడు. ఆ రోజుల్లో ఆయనకి స్టేజీ భయం పట్టుకుంది. కొన్నేళ్లు వదల్లేదు. తోటి నటుల్ని స్టేజీ మీద తన కళ్లలోకి చూడొద్దని బతిమాలుకున్నాడు. ఆయన ఏ గిరిజనుడు? ఆయనకి ఏ జాతి బిడియం? ఒలీవియర్‌కి వస్తే స్టేజీ భయం, మనకొస్తే జాతి లక్షణమా?

భయం వచ్చినప్పుడు ఒంట్లో ఏమవుతుందో చెప్పుకుంటే సగం భయం పోతుంది. అడ్రినలిన్ అనేది రక్తంలో కలుస్తుంది. గుండె జోరుగా కొట్టుకుంటుంది, నోట్లో లాలాజలం తగ్గిపోతుంది, రక్తం కాళ్లూ తొడలూ వైపు పోయి వేళ్లు చల్లబడతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. పరిగెత్తడానికో, తిరగబడడానికో ఒళ్లు సిద్ధమవుతోంది, అంతే. కావిడి భుజాన వేసుకుని కొండెక్కేటప్పుడు కూడా గుండె అలాగే కొట్టుకుంటుంది. దాన్ని మనం భయమనం, ఎక్కుతున్నామంటాం. హార్వర్డ్ నుంచి 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, ఉపన్యాసానికో పాటకో ముందు "కంగారు పడకు" అని తమకి తాము చెప్పుకున్నవాళ్లకంటే "ఉత్సాహంగా ఉంది" అని చెప్పుకున్నవాళ్లు బాగా చేశారని తేలింది. వణుకు పోలేదు. వణుకు పేరు మార్చుకున్నారు.

మనకి మాత్రం ఏ సలహాలిస్తున్నారు? ఒకడు "ఎదురుగా ఉన్నోళ్లంతా రాళ్లనుకో" అంటాడు. ఎందుకనుకోవాలి? మా కథ రాళ్లకి చెప్పుకోవడానికి రాలేదు గదా, మనుషులకి చెప్పుకోవడానికి వచ్చాం. ఇంకొకడు "కాస్త జీలుగు కల్లు పుచ్చుకుని ఎక్కు, భయం పోద్ది" అంటాడు. ఈ సలహా ఇచ్చేవాళ్లని దగ్గరికి రానివ్వొద్దు. కల్లు భయాన్ని తియ్యదు, గుర్తుని తీస్తుంది. పైగా మన మీద పడ్డ ఇంకో ముద్రని మన చేతే నిజం చేయిస్తుంది. ఇంకొకడు "పది రోజుల్లో హీరోని చేస్తాం, ఫీజు కట్టు" అంటాడు. మీ స్కాలర్‌షిప్ డబ్బులు అక్కడ పొయ్యకండి.

మేము ఏం చేశామో చెప్తాం. ఆరు వారాలు చేశాం. ఆదివారం ఆదివారం శ్రీముఖలింగం రేవులో వంశధార ఇసుక మీద కలిసేవాళ్లం. మిగతా రోజులు ఎవరి గదుల్లో వాళ్లు.

మొదట ఆ అర్జీ కాగితం చింపేశాం. మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి, "ఆ రోజు పిన్నిని దింపినప్పుడు ఏం జరిగిందిరా" అని సవరలోనే అడిగాం. చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో లేచి నిలబడ్డాడు, చేతుల్తో చూపించాడు, మాకు కళ్లనీళ్లొచ్చాయి. అప్పుడు ఒక చెల్లి అంది, "ఇదే గదా మనకి కావలసినాది." ఆ తర్వాత అదే మాట శ్రీకాకుళం తెలుగులో చెప్పించాం. "సారూ, రాళ్లు జారతన్నాయి. ముందోడి కాలు జారితే ఎనకోడు ఏటి సేస్తాడు సెప్పండి?" అధికారి ముందు వాడి డైలాగు ఇప్పుడు అది. బట్టీ పట్టాల్సిన పనే లేకపోయింది.

రెండోది, నిలబడి డైలాగు చెప్పడం మానేశాం. పని చేస్తూ చెప్పాం. తాడు పేనుతూ, ఇసుకలో నడుస్తూ, కర్ర భుజాన పెట్టుకుని చెప్పాం. చేతులకి పనుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న బాధ ఉండదు. ఏ వాక్యానికి ఏ పని అని కట్టుకుంటే మాట మరిచిపోయినా చెయ్యి గుర్తు చేస్తుంది.

మూడోది, ప్రతి వేషానికీ మూడు ప్రశ్నలు. నేనెవరితో మాట్లాడుతున్నాను? నాకు వాళ్ల దగ్గర్నుంచి ఏం కావాలి? అది ఇవ్వకపోతే నాకేమవుతుంది? స్తానిస్లావ్‌స్కీ పద్ధతిలో అసలు సంగతి ఇదే. మనసు "జనం నన్ను ఎలా చూస్తున్నారో" అన్న దానిమీద ఉంటే వణుకు. "ఈ సారు రోడ్డు ఇస్తాడా ఇవ్వడా" అన్న దానిమీద ఉంటే పని. మాట మరిచిపోతే ఆ రెండో ప్రశ్న వేసుకోమన్నాం. ఏం కావాలో తెలిస్తే సొంత మాటల్లో అడగొచ్చు. నాటిక ఆగదు.

నాలుగోది, ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. పీల్చడం కంటే వదలడం నెమ్మదిగా ఉంటే గుండె జోరు తగ్గుతుంది. వేషం కట్టాక చేద్దాంలే అంటే అప్పుడు రాదు. రోజూ చేసి ఉండాలి. తర్వాత గొంతు. ఒకడు రేవులో ఇటు, ఒకడు దూరంగా ఇసుక తిన్నె మీద అటు. అరవకుండా వినపడేలా చెప్పాలి. వాక్యం చివరి మాట మింగెయ్యకూడదు. మనలో చాలామందికి ఉన్న జబ్బు అదే, చివరి మాట గొంతులోనే ఉండిపోతుంది.

అయిదోది, ఒంటరిగా ఎవర్నీ వదలకపోవడం. మన జముకుల కథ చూడండి, బుర్రకథ చూడండి. కథ చెప్పేవాడి పక్కన వంతలుంటారు. వాళ్లు "ఆఁ" అన్న ప్రతిసారీ కథకుడికి ఊపిరి దొరుకుతుంది. 1960ల్లో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని మన పల్లెల్లో తిరిగాడంటే, ఆ రూపానికి ఆ బలం ఉంది. మా నాటికలో కూడా అలాగే పెట్టుకున్నాం. ఒకడు ఆగిపోతే పక్కన నుంచి మాట అందించడం కాదు, వేషంలోనే ఉండి ప్రశ్న అడగాలి. "తర్వాత ఏటయినాదిరా?" అంటే చాలు. జనానికి అది నాటికే.

ఆరోది, జనాన్ని కొంచెం కొంచెంగా పెంచడం. మొదటి వారం మేము మేమే. తర్వాత రేవుకి బట్టలుతకడానికి వచ్చిన అమ్మలు. తర్వాత హాస్టల్ జూనియర్లు. వాళ్లని కావాలనే నవ్వమన్నాం, ఫోన్లు మోగించమన్నాం, లేచి వెళ్లిపోమన్నాం. అవన్నీ ఒకసారి జరిగిపోతే స్టేజీ మీద కొత్తగా అనిపించవు. ప్రతి ఆదివారం చివర్న ఎవరి తప్పు వాళ్లు నోటుబుక్కులో రాసుకున్నాం. పక్కవాడి తప్పు కాదు, మన తప్పు.

రెండు నెలల తర్వాత మళ్లీ వేశాం, ఈసారి కొండ కింద ఊళ్లో. అబద్ధం చెప్పం. మావాడు ఈసారీ వణికాడు. ఎక్కేముందు రెండుసార్లు చెట్టు చాటుకి వెళ్లొచ్చాడు. అధికారి ముందు నిలబడ్డాక ఒకచోట ఆగిపోయాడు. గుండె జారిపోయింది మాకు. వాడు డోలీ కర్ర మీద చెయ్యేసి ఊపిరి వదిలాడు. తెలుగు రాలేదు. సవరలో చెప్పేశాడు, రెండు వాక్యాలు. అధికారి వేషంలో ఉన్న మా జాతాపు అన్నకి ఆ భాష సరిగ్గా రాదు. "ఏటంతన్నావు, నాకర్థం కాలేదు" అన్నాడు. నాటికలో లేని మాట అది. మావాడు వాడి మొహంలోకి చూసి, "అర్థం కాకే గదా సారూ ఇన్నేళ్లయినాది" అన్నాడు. అదీ నాటికలో లేదు. ఈలల్లేవు. కూర్చున్న ముసలమ్మ ఒకామె కొంగు నోట్లో పెట్టుకుంది.

అది పుట్టుకతో వచ్చిన మాటా? ఆరు వారాల ఇసుకలోంచి వచ్చిన మాట.

ఇప్పుడు గ్రూపులో కొందరు అనబోయేది మాకు తెలుసు. "ముందు ఉద్యోగాలు, గ్రూప్సు, డీఎస్సీ చూసుకోండి, నాటకాలెందుకు?" అన్నా, ఇంటర్వ్యూ గదిలో నోరెండిపోయి వచ్చేసినవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో మీకు తెలీదా? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం మన భూమి క్లెయిము మొదట తేలాల్సింది గ్రామసభలో. అక్కడ లేచి "ఈ చేను మా తాత నరికి చేసింది" అని చెప్పాల్సింది ఎవరు? రెండో వాక్యం దగ్గర ఆగిపోతే ఆ రోజు ఈలలతో పోదు, చేనే పోతుంది. నటన నేర్చుకోవడమంటే సినిమాకి వెళ్లిపోవడం ఒక్కటే కాదు. పదిమంది చూస్తుండగా మన మాట మీద మనం నిలబడటం. సినిమాకే వెళ్తానంటే వెళ్లండి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ శాఖ ఉంది, అక్కడ సీటు కోసం అప్లై చెయ్యండి. మాకేం అభ్యంతరం లేదు.

ఇంకొందరు ప్రేమతో అంటారు. "ట్రైనింగులిస్తే మీ సహజత్వం పోద్ది." సహజత్వం పేరు చెప్పి మమ్మల్ని ఎప్పటికీ వరస చివర్నే ఉంచకండి. ఈకలు సహజం, మాటలు కృత్రిమం అని ఎవరు తేల్చారు? మా ఇంట్లో ఈకలు పెట్టుకుని ఎవరూ తిరగరు. మాట్లాడుకుంటాం.

కాబట్టి మేము అడిగేది ఇదీ. హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ప్రతి కార్యక్రమానికీ డాన్సుకి ఎన్ని రోజులిస్తే మాటకీ అన్ని రోజులివ్వండి. డాన్సుకి పిలిచేవాళ్లు ఎవరైనా సరే, అదే కార్యక్రమంలో మనవాళ్లు ఒకరికి మైకు ఇస్తేనే వస్తామని చెప్పండి. చెప్పాల్సింది మనమే. ఇక మనలో మనం: జూనియర్ ఒకడు స్టేజీ మీద ఆగిపోతే "వీడికి రాదు" అనకండి. వాడి నడుం పట్టుకుని వరసలో నిలబెట్టండి, మనల్ని అక్కలు నిలబెట్టినట్టు. అడుగు తప్పితే లాగండి. పదేళ్లు పడితే పట్టనివ్వండి.

వచ్చే శివరాత్రికి, చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచీ ఏజెన్సీ నుంచీ మనవాళ్లు వంశధార రేవుకి దిగే రోజుల్లో, మళ్లీ వేస్తాం. ఆ పెద్దాయన్ని మేమే పిలుస్తాం, ముందు వరసలో కూర్చోబెడతాం. మీ హాస్టల్లో కూడా మాటలున్న నాటిక ఒకటి మొదలుపెట్టండి. డాన్సుకి వేరే రోజు చూసుకుందాం.

జై ఆదివాసీ. జోహార్.